ఎన్ని దినాలని అడగాకండి: ఒక నాగలమడిక వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: «రేపు పొద్దున్నే ఊరికి పోవాల. ఈ పొద్దు ఎవురూ ఎండలో తిరగాకండి, కొత్త గుడ్డలు ముట్టాకండి, ఎన్ని దినాలుంటామని మాటిమాటికీ అడగాకండి.»

అవతారిక. కోలాచల మల్లినాథ సూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ అక్కర లేనిది చెప్పననీ ముందుగానే మాట ఇచ్చాడు. వేదం వేంకటరాయశాస్త్రి గారు ఆముక్తమాల్యదకు సంజీవనీ వ్యాఖ్య, శృంగారనైషధానికి సర్వంకష వ్యాఖ్య రాసి అదే ఓపికను తెలుగులో చూపించారు. ఇంత పని జరిగినా పై వాక్యం మాత్రం టీక లేకుండానే ఉండిపోయింది. అది తాళపత్రాల్లో దొరికేది కాదు. తుమకూరు జిల్లా పావగడ తాలూకా నాగలమడికలోనూ ఆ చుట్టు పల్లెల్లోనూ, బడులకు వేసవి సెలవులిచ్చిన వారంలో, చిన్నపిల్లలున్న ఇండ్లలో, నడిమింట్లో నిలబడి ఒక గొంతు దీన్ని పఠిస్తుంది. గొంతులు వేరు, పాఠం ఒకటే. కర్త ఫలానా అని చెప్పడానికి ఆధారం లేదు. వేదంలాగా ఇదీ అపౌరుషేయం, ఎందుకంటే ఏ పురుషుడూ దీన్ని పలికిన దాఖలా లేదు. లోకం ఇన్నాళ్లూ దీన్ని పిల్లల మీద తల్లి వేసిన కట్టడిగా చదివింది. పిల్లలూ అట్లే చదివి, అట్లే ఉల్లంఘించారు. ఆ అన్వయం కుదరదు. ఇది తల్లి తన కోసం పెట్టుకున్న సెలవు అర్జీ. పిల్లలు ఆ అర్జీ రాసిన కాగితం మాత్రమే. ఇదీ ఈ వ్యాఖ్యాత పక్షం.

ప్రతిపదార్థం. రేపు = సంచుల జిప్పులన్నీ పడిన తరువాత వచ్చు దినము; పంచాంగంతో దీనికి పని లేదు. పొద్దున్నే = ఎండ ఎక్కక మునుపు; మొదటి బస్సుకు అని సంకల్పము, రెండో బస్సుకు అని అనుష్ఠానము. ఊరికి = పుట్టినింటికి; నాగలమడిక కూడా ఊరే కదా, ఊళ్లో ఉండి ఊరికి పోవడమేమిటన్న శంక పెండ్లికాని వాళ్లకే కలుగుతుంది. పోవాల = దీన్ని తరువాతకు ఉంచుకుందాం, వివాదమంతా ఇక్కడే ఉంది. ఎవురూ = పెద్దోడు, చిన్నది, వాళ్లతో ఆడుకోవడానికి వచ్చిన పక్కింటి పిల్లలు సహా; పిల్లల నాయన ఇందులో చేరడు, ఆయన పొద్దున్నించీ ఎండలోనే ఉన్నాడు, ఆయనకెవరూ ఏమీ చెప్పలేదు. ఎండలో = ఏప్రిల్ మాసపు పావగడ ఎండలో. ఈ ఎండ సామాన్యమైనది కాదని విశేషం. నాగలమడిక హోబళిలోనే తిరుమణి, వళ్లూరు, బలసముద్ర, క్యాతగానచర్లు, రాయచర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల మీద సౌరఫలకాలు పరిచి, 2,050 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కట్టారు. 2018 మార్చి 1న దానికి శక్తిస్థల అని పేరుపెట్టి ప్రారంభించారు. రైతు భూమి అమ్మలేదు, గుత్తకిచ్చాడు; ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైన అద్దె. అంటే ఎండకు అద్దె వచ్చే సీమ ఇది. అలాంటి చోట పిల్లలు ఊరికే ఎండను తాగి జ్వరం తెచ్చుకోవడం లెక్క ప్రకారం కూడా నష్టమే. కొత్త గుడ్డలు = ఉగాదికి కుట్టించినవి, పండగనాడు ఒక పూట కట్టించి, ఓళిగ నెయ్యి మరక పడకముందే విప్పించి, మడత పెట్టి, బీరువాలో దాచినవి. ముట్టాకండి = తొడగడం ఎటూ లేదు, తాకడం కూడా వద్దని. ఎన్ని దినాలు = ఇది కూడా తరువాతకు. మాటిమాటికీ = ఒకసారి అడిగితే పరవాలేదేమో అన్న ఆశ కల్పించే మాట; కాని ఆ ఒకసారి ఎప్పుడో అయిపోయింది.

అన్వయం. తెలుగులో ‘పోవాల’ అన్న క్రియకు కర్తను బట్టి మారే గుణం లేదు. నేను పోవాల, మీరు పోవాల, మనం పోవాల, అందరికీ అదే రూపం. పోతాను, పోతారు అన్నప్పుడు క్రియే కర్తను బయటపెట్టేస్తుంది; పోవాల అన్నప్పుడు దాచిపెడుతుంది. వాక్యం మొదట్లో కర్తను చెప్పకుండా వదిలేసి, తరువాతి మూడు క్రియలకు మాత్రం ‘ఆకండి’ అని బహువచనం తగిలించి, పిల్లల్ని ఎదురుగా నిలబెట్టింది. అందుచేత వినేవాళ్లు వెనక్కి లెక్క కట్టుకుని, పోవలసిందీ పిల్లలేననుకుంటారు. వ్యాకరణం అట్లా చెప్పలేదు. నిషేధాలు పిల్లలవి, ప్రయాణం ఎవరిదో చెప్పలేదు, అంతే. ఇంత నేర్పుగా కర్తను తప్పించిన వాక్యాన్ని పొరపాటున పలికిందనుకోవడం మూలకర్త్రిని అవమానించడమే.

ఇక్కడ పూర్వపక్షి లేచి ఇట్లంటాడు. ఇంత దూరం పోవలసిన పనేముంది? బడులకు సెలవులిచ్చారు, పిల్లలు అమ్మమ్మ ఊరికి పోతారు, మేనమామ పిల్లలతో ఆడుకుంటారు, తల్లి తోడు పోతుంది. లోకప్రసిద్ధమైన అర్థం ఉండగా గూఢార్థం వెతకడం వ్యాఖ్యాతల జబ్బు. ఆ జబ్బు ఉన్నమాట నిజమే. కాని ఈ విషయంలో తీర్పు చెప్పేది వ్యాఖ్యాత కాదు, రెండు ప్రభుత్వాల బడి క్యాలెండర్లు. పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రమే. 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి పోయి, పావగడ మైసూరు సంస్థానంలో ఉండిపోయినప్పటి నుంచీ ఈ ఎల్ల ఇక్కడే ఉంది. మనుషుల మాట రెండు వైపులా తెలుగే, పెండ్లి సంబంధాలూ రెండు వైపులా నడుస్తూనే ఉన్నాయి. నాగలమడిక కోడళ్లలో ఎందరికో పుట్టినిల్లు పెనుకొండ వైపో, మడకశిర వైపో, హిందూపురం, ధర్మవరం, కళ్యాణదుర్గం వైపో ఉంటుంది. ఇటు పక్క బడిలో పాఠం కన్నడం, అటు పక్క తెలుగు. అదట్లుంచి, సెలవులు కూడా వేరే. కర్ణాటకలో 2023 నుంచి 2025 దాకా వరసగా ఏప్రిల్ 11న వేసవి సెలవులు మొదలై మే 28తో ముగిశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఏప్రిల్ 24న మొదలై జూన్ 11 దాకా ఉన్నాయి. కాబట్టి ఏప్రిల్ 12న సంచి భుజాన వేసుకుని బస్సు దిగిన నాగలమడిక పిల్లకాయలకు అక్కడ ఎవరు ఎదురొస్తారు? మేనమామ పిల్లలు పుస్తకాల సంచీతో బడికి పోతూ ఎదురొస్తారు.

ప్రయాణం పిల్లల ఆట కోసమే అయితే ఏప్రిల్ 24 దాకా ఆగి బయలుదేరాల. ఆగడం లేదు. ఒంటిపూట బడులు కదా, మధ్యాహ్నానికి వచ్చేస్తారు కదా అంటే, వచ్చి, తిని, ఎండకు లోపల పడుకుంటారు. ఆడుకునేది పొద్దు వాలినాకే. ఆ పన్నెండు దినాలూ ఇటునుంచి పోయిన పిల్లలు అక్కడ చేసే పని ఏమిటని చూస్తే, ఇక్కడ చేసే పనే: గోడకు ఆనుకుని కుచ్చుని, ఎప్పుడొస్తారు, ఎప్పుడొస్తారు అని అడగడం. పిల్లలకు కలిసిరాని ఆ తొలి పక్షం తల్లికి మాత్రం బాగా కలిసొస్తుంది. అన్న పిల్లలు బడికి, అన్న పనికి, వదిన ఒకవేళ ఉద్యోగస్థురాలైతే ఆమె కూడా బయటికి. ఇంట్లో మిగిలేది తల్లీ కూతురూ. పెండ్లయి పదేళ్లయిన ఆడది తన తల్లితో మధ్యలో ఎవరూ రాకుండా మాట్లాడగలిగేది ఏడాదిలో ఈ పన్నెండు దినాలే. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు దీన్ని ఆలోచించి చేశాయని ఎవరూ అనరు. అయినా ఫలితం ఇదే.

ఒక వాక్యానికి తాత్పర్యం ఎక్కడుందో తేల్చడానికి మీమాంసకులు ఆరు గుర్తులు చెప్పారు. ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. ఆరింటినీ ఇక్కడ నడిపిస్తే పిల్లలు పెద్దవాళ్లయిపోతారు గనక రెండు చాలు. మొదట అపూర్వత: వేరే మార్గంలో తెలియని విషయం ఏది చెబుతోందో అదే వాక్యం అసలు అర్థం. రేపు ఊరికి పోతారన్న సంగతి పిల్లలకు తెలియదా? పరీక్షలు మొదలు కాకముందే తెలుసు. ఎండలో తిరగకూడదన్నది తెలియదా? మార్చి నుంచీ రోజూ వింటున్నారు. కొత్త గుడ్డలు ముట్టకూడదన్నది ఉగాది నాడే స్థిరపడింది. ఈ మూడూ అనువాదాలు, అంటే తెలిసినదాన్నే మళ్లీ చెప్పడం. కొత్తగా చెప్పింది ఒకటే, చివరిది: ఎన్ని దినాలుంటామని అడగాకండి. వాక్యం బరువంతా అక్కడుంది. పై రెండు నిషేధాలూ దాన్ని ఊరేగింపులో మోసుకొచ్చిన బోయీలు.

మరి ఈ ప్రశ్నను నిషేధించడమెందుకు? ఎండవల్ల జ్వరం వస్తుంది, గుడ్డలు ముడితే మాస్తాయి. ఎన్ని దినాలని అడిగితే ఏమొస్తుంది? ఏమొస్తుందంటే, జవాబు వస్తుంది. తల్లి ఇవ్వకపోతే పక్కనున్న పెద్దవాళ్లు ఇస్తారు. అంతవరకూ ఎవరి నోటా పడని సంఖ్య నడిమింట్లో పడుతుంది. ‘ఎన్ని దినాలేముందిరా, ఎనిమిది దినాలుండి వచ్చేస్తారు’ అని అవ్వ అన్నదంటే, ఆ ఎనిమిది శాసనం అవుతుంది. దాన్ని పదిహేను చెయ్యడానికి ఫోన్ల మీద ఫోన్లు కావాల, చిన్నదానికి కాస్త దగ్గు కూడా కావాల. చెప్పకుండా పోతే మాత్రం లెక్క తెరిచే ఉంటుంది. అటునుంచి ‘ఇంకో నాలుగు దినాలు ఉంచమంటున్నారు’ అన్నా, ‘బస్సుల్లో రష్షు’ అన్నా నడుస్తుంది. ఈ లోకంలో పైకి చెప్పని ఒప్పందాలే ఎక్కువ కాలం నిలుస్తాయి. కాని ఆరేళ్ల పిల్లవాడు ఒప్పందం చేసుకోడు. వాడికి చేతివేళ్లతో లెక్కపెట్టడం బడిలో ఈ ఏడే నేర్పారు, వాడు దాన్ని ప్రయోగించి చూసుకోవాల. అందుకే వాడి నోరు మూయించడం అవసరమైంది. అత్తమీది కోపం దుత్తమీద చూపడం అంటారే, అది వేరే ప్రకరణం. ఇక్కడ కోపం లేదు, జాగ్రత్త ఉంది.

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మొదట్లోనే, పైకి విధి, లోపల నిషేధం ఉండే పద్యం ఒకటి చూపించి, ఆ వెంటనే పైకి నిషేధం, లోపల విధి ఉండే పద్యం ఇంకొకటి చూపిస్తాడు. ఆ రెండోదానిలో అత్తగారూ ఉంది, బాటసారీ ఉన్నాడు. చిన్నపిల్లలున్న ఇంటి విషయంలో దాన్ని అంతకంటె వివరించడం బాగుండదు. మన వాక్యం ఆ జాతిదే. పైకి పిల్లలకు మూడు నిషేధాలు; లోపల, వినవలసిన చెవికి ఒక విధి: నన్ను పోనివ్వండి, లెక్క అడగాకండి. చెప్పేది పిల్లల వైపు తిరిగి, వినబడేది వంటింటి గడపలో చాటలో బియ్యం ఏరుతున్న మనిషికి. అందుకే దీన్ని ఎప్పుడూ పిల్లల చెవి దగ్గర వంగి చెప్పరు, నడిమింట్లో నిలబడి గట్టిగా చెబుతారు.

మిగతా రెండు నిషేధాలకూ ఇదే ఫలం. పిల్లవాడికి ఒళ్లు కాలితే ప్రయాణం ఆగేది వాడిది కాదు, వాడు కాలిన ఒళ్లుతోనే గోళీలాడగలడు, ఆగేది తల్లిది. ఎవరూ పోవద్దనరు కూడా. ‘ఇంత జ్వరంలో బిడ్డనేసుకుని యాడికి పోతావమ్మా’ అని దయగా అంటారు, ఆ దయకు ఎదురు చెప్పడానికి నోరు రాదు. గుడ్డల విషయమూ అంతే. బస్సు దిగి పుట్టినింటి వీధిలో నడిచేటప్పుడు అరుగుల మీది వాళ్లు చూసేది పిల్లల ముఖాలు కాదు, వాళ్ల ఒంటిమీదివి. వాటినిబట్టి ఈమె కాపురం ఎట్లా నడుస్తోందో అక్కడికక్కడే తీర్మానం చేస్తారు. కాబట్టి ఉగాది గుడ్డలు పిల్లల సొత్తు కావు, తల్లి ధరించే పత్రాలు. వాటి మీద మామిడికాయ కారం మరక పడితే, ఈమె సుఖంగా లేదని ఆ సాయంత్రానికే ఊరంతా అనుకుంటుంది. తాకవద్దనడంలో అతిశయోక్తి ఏమీ లేదని గ్రహించేది.

ఫలం మాట వచ్చింది గనక మధ్యాహ్నం అన్నం సంగతి కూడా చెప్పాల. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో బిసియూట ఉంది. సెలవులిచ్చిన మర్నాటినుంచి ఆ పూట పొయ్యి ఇంటి మీద పడుతుంది. కరువు ముదిరిన 2024 వేసవిలో కరువు తాలూకాల్లో సెలవుల్లో కూడా బడిలోనే భోజనం పెట్టారు, అది వేరే సంగతి; మామూలు ఏళ్లలో పెట్టరు. పొద్దున చిత్రాన్నం తిన్న పిల్లలు పదకొండుకే ఆకలంటారు, ఒంటిగంటకు సంగటి వద్దంటారు, మూడింటికి చెనక్కాయలు అడుగుతారు, అయిదింటికి అంగడికి రూపాయలడుగుతారు. సెలవు అనేది పిల్లలకు బడినుంచి, మాష్టరుకు పిల్లలనుంచి. ఇంట్లో దాని పేరు అదనపు పని. ఈ పని పంచుకోవడానికి ఇంకో రెండు చేతులున్న ఇల్లు, అడగకుండానే పంచుకునే చేతులున్న ఇల్లు, ఈమెకు లోకంలో ఒకటే ఉంది. అక్కడికి పోవాల అన్న మాటకు కర్త ఎవరని ఇంకా సందేహమా?

ఆక్షేపం ఇంకా ఉంది. ఇవన్నీ పాత కాలపు ఇండ్ల మాటలు, ఇప్పుడు ఆడవాళ్లకు పుట్టినింటికి పోవడానికి పిల్లల సెలవు ఎందుకు, బస్సు ఉచితం కదా అంటారు. కర్ణాటకలో 2023 జూన్ 11న శక్తి పథకం వచ్చింది; రాష్ట్రంలోని ఆడవాళ్లు ప్రభుత్వ మామూలు బస్సుల్లో టికెట్టు డబ్బు లేకుండా తిరగవచ్చు. నాగలమడిక హోబళిలో అప్పటికే శక్తిస్థల ఉంది, అది ఎండకు, ఇది ఆడవాళ్లకు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో అట్లాంటిదే మొదలైంది. రెండూ మంచివే. కాని శక్తి రాష్ట్రం లోపలి ప్రయాణానికి, అంతర్రాష్ట్ర బస్సుకు అది వర్తించదు; స్త్రీశక్తి ఆ రాష్ట్రపు నివాసులకు. నాగలమడిక కోడలి ఆధార్ కర్ణాటకది, పెనుకొండలో ఆమె తల్లి ఆధార్ ఆంధ్రది. ఈమెకు పావగడ పోవడానికి డబ్బు అక్కర లేదు, అక్కడ పని లేదు. ఆమెకు హిందూపురం పోవడానికి డబ్బు అక్కర లేదు, అక్కడ కూతురు లేదు. తల్లీ కూతుళ్లు కలుసుకోవాలంటే మాత్రం ఎల్ల దగ్గర ఎవరో ఒకరు చిల్లర తియ్యాల్సిందే. నంది కొండల్లో పుట్టిన పెన్నేరు హిందూపురం వైపు ఆంధ్రలోకి పోయి, మళ్లీ పావగడ తాలూకాలోకి వచ్చి, నాగలమడిక పక్కగా నడిచి, పేరూరు ఆనకట్టకు తిరిగి ఆంధ్రలోకి పోతుంది. దాని ఆధార్ ఎవరూ అడగలేదు. అయినా ఈ ఆక్షేపంలో అసలు లోపం ఇది కాదు. బస్సు ఉచితం కావడం వేరు, ఇల్లు వదలడానికి కారణం దొరకడం వేరు. కండక్టరు టికెట్టు ఇవ్వగలడు, సెలవు ఇవ్వలేడు. ఆడది తనంతట తాను ‘నాకు మా అమ్మను చూడాలనుంది’ అంటే ఒప్పుకోని ఇండ్లు ఈ రోజుల్లో తక్కువే. కాని ఆ మాటకు వెంటనే ఇంకో ప్రశ్న పుడుతుంది, ఏమైంది అని. పిల్లలకు సెలవులన్న మాటకు ఏ ప్రశ్నా పుట్టదు. ఆ మాటకున్న విలువ అది.

ఇంకొక శంక మరీ సూటిగా ఉంది. పోవడమెందుకు, అమ్మమ్మే ఇటు రావచ్చు కదా? దీనికి స్థలపురాణంలోనే దృష్టాంతం కూడా చూపిస్తారు. కుక్కె ఆది సుబ్రహ్మణ్యం, ఘాటి మధ్య సుబ్రహ్మణ్యం, నాగలమడిక అంత్య సుబ్రహ్మణ్యం అని ప్రసిద్ధి. పుష్య శుద్ధ షష్ఠికి ఇక్కడ రథోత్సవం. ఏటా కుక్కెకు పోయి స్వామిని సేవించుకునే భక్తుడొకడు ముసలితనంలో అంత దూరం పోలేకపోతే, నువ్వు రావద్దు, నేనే నీ ఊరికి వస్తానని స్వామి ఇక్కడ వెలిశాడని పురాణం. దేవుడే వచ్చినప్పుడు అమ్మమ్మ రాకూడదా? రాకూడదు. సుబ్రహ్మణ్యస్వామికి నాగలమడికలో అల్లుడు లేడు. అమ్మమ్మకు ఉన్నాడు. అల్లుడింట్లో అత్త రెండు పూటలు తింటే మర్యాద, నాలుగో దినం కూడా తింటే మాట. ఆమె వచ్చినా మంచం అంచున కుచ్చుని, పిల్లల తల నిమిరి, తెచ్చిన చెనక్కాయ ఉంటలు చేతిలో పెట్టి, సాయంత్రం బస్సుకు లేస్తుంది. పైగా కూతురికి కావలసింది తల్లి రావడం ఒక్కటే కాదు. తాను కోడలు కాని ఇంట్లో నాలుగు దినాలు లేటుగా నిద్ర లేవడం. అది తల్లితోపాటు బస్సెక్కి వచ్చే వస్తువు కాదు.

సరే, అక్కడ పోయి ఈమె విశ్రాంతి తీసుకుంటుందా, అక్కడా గిన్నెలు తోముతుంది కదా అని ఒక ఆక్షేపం. తోముతుంది. కాని అక్కడ తోమకపోయినా ఎవరూ చూడరు, ఇక్కడ తోమినా చూస్తారు. దీనిమీద ఇంతకంటె వాదం అనవసరం.

అత్తగారిని ఈ వ్యాఖ్యలో ప్రతివాదిగా నిలబెట్టారన్న మాట మాత్రం పట్టించుకోవలసిందే. ఆమె పక్షాన చెప్పవలసింది చాలా ఉంది. ఈమె పోయిన మరుక్షణం నుంచి రెండు పూటల వంట, నీళ్లు, ఆవు, అన్నీ ఆమెవే. పావగడ నేల నీళ్లలో ఫ్లోరైడు. తాగే నీళ్లు బిందె పట్టుకుపోయి తేవలసిన ఇల్లయితే ఆ బిందె అరవై ఏళ్ల నడుం మీదికి వస్తుంది. ఇది చెనక్కాయ సీమ. వానలకు ముందు విత్తనానికి కాయలు వొలుచుకోవాల, వొలిచే చేతులు ఆడవాళ్లవే. భూములు శక్తిస్థలకు ఇచ్చిన ఇండ్లలో ఆ పని తగ్గింది. కొంత చేను ఉంచుకున్న ఇండ్లలో మే నెల ఆఖరంటే మూటలు ముందేసుకుని కుచ్చోవడమే. కాబట్టి ఎన్ని దినాలని ఆమె మనసులో లెక్కపెట్టుకోవడం దుర్మార్గం కాదు, సేద్యం. ఇంకో సంగతి. ఆమె కూడా ఒకప్పుడు ఈ నడిమింట్లోనే నిలబడి, ఇప్పుడు ఆవును పొలానికి తోలుకుపోయిన ఈ కొడుకునే ఎదురుగా నిలబెట్టి, ఇదే వాక్యం చదివింది. దాని అర్థం ఆమెకు వ్యాఖ్యాత చెప్పనక్కర లేదు. చాటలో బియ్యం ఏరుతూ ఆమె తల ఎత్తదు. విననట్టు ఉండటమే ఇక్కడ ఆమోదం. ‘దినాలెన్ని’ అన్న మాట తనంతట తానుగా ఆమె నోట రాదు. వచ్చేది పిల్లవాడు అడిగినప్పుడు మాత్రమే, అదీ ఎదురుగా అడిగితే ఏదో ఒకటి చెప్పక తప్పదు గనక. అంటే నిషేధం ఆమెను కూడా ఒక ఇరకాటం నుంచి తప్పిస్తోంది. ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇంత పెద్దరికంగా సాగిన వ్యవహారాన్ని చెడగొట్టగలిగినవాడు ఇంట్లో ఒక్కడే, వాడికి ముందుపళ్లు రెండు లేవు.

పాఠభేదం. కొన్ని ఇండ్లలో మూలం చివర ఇంకొక పాదం వినిపిస్తుంది: «నాయన ఒక్కడే ఉంటాడని ఏడవవద్దు.» దీన్ని ప్రక్షిప్తమని కొట్టివెయ్యాలి. శైలి కలవదు: పైన మూడుసార్లు ‘ఆకండి’ అన్న గొంతు నాలుగోసారి ‘వద్దు’ అనదు. యోగ్యత లేదు: ఊరికి పోయే సంతోషంలో ఉన్న పిల్లలు నాయన కోసం ఏడ్చిన ఉదాహరణ ఎక్కడా కనబడదు, బస్సు కిటికీ పక్క సీటు కోసం ఏడ్చినవి కావలసినన్ని ఉన్నాయి. ఆకాంక్ష కూడా లేదు: దినాల మాటతో వాక్యం ముగిసిపోయింది, వినేవాళ్లు ఇంకేమీ ఎదురుచూడటం లేదు. ఈ పాదం వినిపించిన ఇండ్లన్నిటిలోనూ అది వీధి గుమ్మం వైపు నుంచి, సంచులు బస్టాండుకు మోసుకుపోవడానికి బండి తుడుస్తున్న మనిషి దగ్గరినుంచి వచ్చిందని శ్రోతలు చెబుతారు. మూలకర్త్రి దాన్ని ఖండించలేదు, ఒప్పుకోనూ లేదు. ‘నీళ్ల బాటిలు యాడ పెట్టినారు’ అని అడిగింది.